స్థూలకాయ చికిత్సయు గుండెమంటయు

గత సంవత్సరము తొమ్మిదవ తరగతిలో జీర్ణమండల పాఠము జరుగుచుండగా ఒక బాలుడు లేచి, "అయ్యగారూ! మా నాయనగారికి రాత్రులందు గుండెమంట వచ్చుచున్నది. వైద్యుడుగారు మందు వ్రాసి యిచ్చి, ముందు పొట్ట తగ్గించుకొనుడని చెప్పినారు. మంట ఱొమ్ములో గదా. పొట్ట తగ్గిన మంట యెట్లు తగ్గును?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. క్రొవ్వు పదార్థములు మెండుగా తినువారికి కడుపులో ఆమ్లము అధికమగునని యొక మాట చెప్పి, గంట మ్రోగగానే మేము బయటపడితిమి. ఆ సమాధానము సరియైనది కాదని అప్పుడే మాకు లోలోపల తోచుచుండెను.

కొన్ని నెలల తరువాత ఆ బాలుడే మరల వచ్చెను. ఈమారు తరగతిలో గాక, సాయంకాలము బోర్డింగు వరండాలో కలిసికొని మెల్లగా మాటాడెను. వాని మేనమామ స్థూలకాయమునకై పట్టణములో శస్త్రచికిత్స చేయించుకొన్నాడట. దేహము బాగుగా తగ్గినది; మధుమేహము లొంగినది; కాని మునుపు ఎప్పుడో యొకప్పుడు వచ్చుచుండిన గుండెమంట ఇప్పుడు ప్రతిరాత్రియు నిద్ర లేపుచున్నదట. "పొట్ట తగ్గిన మంట తగ్గునన్నారు గదా అయ్యగారూ! మామయ్యకు తగ్గక హెచ్చినదేమి? మా నాయనగారు భయపడి, తాను బరువు తగ్గించుకొను ప్రయత్నమే మానివేసినారు" అని వాడు చెప్పినప్పుడు మాకు సిగ్గు కలిగెను. మా తొందరపాటు సమాధానము వలన ఒక యింటిలో అనర్థము జరుగుచున్నది. ఆ దినము మొదలు ఈ విషయమును చదివియు, తెలిసిన వైద్యుల నడిగియు నేర్చుకొన్నదానిని ఇచట వ్రాయుచున్నాము.

మొదట దారిని తెలిసికొందము. మనము మ్రింగిన కబళమును నోటినుండి జీర్ణాశయమునకు చేర్చు గొట్టమునకు అన్నవాహిక యని పేరు. పెద్దవారిలో దాని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. అది ఱొమ్ములో గుండెకు వెనుకవైపున దిగి, ఱొమ్మును పొట్టను వేఱుచేయు విభాజకపటలములోని రంధ్రము గుండ దూరి జీర్ణాశయమును చేరును. చేరుచోట అన్నవాహిక గోడలోని కండరము ఎల్లప్పుడును బిగిసి దారిని మూసియుండును. దీనిని సంవరణీకండర మందురు. మనము మ్రింగినప్పుడు ఇది వదులై, కబళము దిగిన వెంటనే మరల బిగియును. దీని వెలుపల విభాజకపటలపు కండరపు పోగులు చుట్టుకొని రెండవ పట్టుగా నుండును. మనము దగ్గినను, వంగినను, బరువెత్తినను పొట్టలోని ఒత్తిడి హెచ్చును. అప్పుడు ఈ పోగులు కూడ బిగిసి కాపు కాయును. ఒకే తలుపునకు లోపలి గడియ యొకటి, వెలుపలి గడియ యొకటి యున్నవనుకొనుడు. రెండు గడియలును ఒక చోటనే యున్నంతకాలము తలుపు గట్టిగా నుండును.

జీర్ణాశయములో ఊరు రసమునందలి ఆమ్లము హైడ్రోక్లోరిక్ ఆమ్లమే యని 1824లో ఇంగ్లండునందు విలియం ప్రౌట్ అను వైద్యుడు ప్రకటించెను. మన ప్రయోగశాలలో బీరువాలో పెట్టి తాళము వేయు ఆమ్లమే యిది. మన కడుపులోనిది నీళ్లు కలిసి పలుచనైనది, అంతియే భేదము. జీర్ణాశయపు గోడ తన్ను తాను కాపాడుకొనుటకు చిక్కని జిగురు పొరను కప్పుకొని యున్నది. అన్నవాహికకు అట్టి కవచము లేదు. కనుక ఆమ్లము పైకి ఎగదన్నినచో అచటి లోపలి పొర కాలును. అది గుండెకు దాపుననే యుండుటచేత మనవారు దానిని గుండెమంట యనిరి. నిజమునకు గుండెకు దానితో సంబంధము లేదు. అన్నవాహికలో కనబడు వాపునకు జీర్ణాశయరసమే కారణమై యుండవచ్చునని 1935లో న్యూయార్కు వైద్యుడు ఆషర్ వింకెల్‌స్టీన్ వ్రాసెను. ఎల్లవారికిని దినమునకు కొన్నిమారులు ఆమ్లము కొంచెము పైకి వచ్చుట కలదు. మ్రింగిన ఉమ్మినీరు దానిని కడిగివేయును. తఱచుగా వచ్చి బాధించినప్పుడును, లోపల పుండు పడినప్పుడును మాత్రమే దానిని వ్యాధి యందుము.

ఇచటనే మేము తరగతిలో చేసిన తప్పును దిద్దుకొనవలసియున్నది. ఈ వ్యాధి గలవారిలో పెక్కుమందికి ఆమ్లము హెచ్చుగా ఊరదు. ఊరవలసినంతయే ఊరును, కాని ఉండరానిచోటికి పోవును. తప్పు బావిలోని నీటిది కాదు, గట్టుది. ఈ ఒక్క సంగతి మనస్సులో నిలిచినచో తక్కినది సులభముగా బోధపడును.

ఇక పొట్ట సంగతి. దేహమున క్రొవ్వు రెండు తావుల చేరును: చర్మము క్రింద నొకటి, పొట్ట లోపల ప్రేగుల చుట్టు నొకటి. ఈ రెండవది చోటు నాక్రమించి, పొట్ట లోపలి ఒత్తిడిని పగలును రాత్రియు హెచ్చించి యుంచును. ఱొమ్ములోని ఒత్తిడి పొట్టలోనిదానికంటె తక్కువ గనుక, జీర్ణాశయములోనిది ఎల్లప్పుడును పైకి పోజూచుచుండును. తోలుతిత్తిలో నీరు నింపి, మూతికి దారము కట్టి, తిత్తిని చేతులతో అదిమిపట్టినచో ఏమగునో చూచినవారికి ఇంతకంటె చెప్పనక్కఱలేదు. మఱియు ఈ ఒత్తిడి ఏండ్ల తరబడి సాగినయెడల జీర్ణాశయపు పైభాగము విభాజకపటలపు రంధ్రములోనుండి కొంచెము ఱొమ్ములోనికి జరుగును. వైద్యులు దీనిని హయేటస్ హెర్నియా యందురు. అప్పుడు లోపలి గడియ పైకి పోవును, వెలుపలి గడియ క్రిందనే యుండును. రెండును విడిపోయి తలుపు బలహీనమగును. ఇదియుగాక, మ్రింగనప్పుడు కూడ సంవరణీకండరము అప్పుడప్పుడు క్షణకాలము వదులగుట కలదు. త్రేన్పు వచ్చునది ఇట్లే. స్థూలకాయులలో భోజనానంతరము ఈ వదులగుట మఱింత తఱచుగా కనబడుచున్నది.

గ్లాస్గో విశ్వవిద్యాలయపువారు చేసిన పరీక్ష యొకటి మాకు మిక్కిలి నచ్చినది. దాని ఫలితములు 2014లో వెలువడినవి. గుండెమంట యెఱుగని ఆరోగ్యవంతులను కొందఱిని, నడుము సన్నమువారిని లావువారిని, పిలిచి, వారి నడుమునకు బిగువైన పటకా కట్టి, భోజనము పెట్టి, అన్నవాహిక క్రిందిభాగమున ఆమ్లము ఎంతవఱకు ఎగబ్రాకునో యంత్రములతో కొలిచిరి. బెల్టు బిగించినప్పుడు సంవరణీకండరము పైకి జరిగెను. ఆమ్లము దాని లోపలికి చొచ్చెను. నడుము లావువారికి బెల్టు లేకున్నను ఇంచుమించు అదే జరుగుచుండెను. అనగా లావు పొట్ట యనునది విప్పుటకు వీలులేని బిగువు బెల్టు వంటిది. మన యిండ్లలో పంచెముడి, చీరకుచ్చెళ్లముడి బిగించి కట్టుకొని, వంగి పని చేయువారు ఈ సంగతిని తమ దేహముననే పరీక్షించుకొనవచ్చును.

మన పూర్వవైద్యులు ఈ రెండు రోగములను ఎఱుగకపోలేదు. చరకసంహితయందు నిందింపదగిన యెనిమిది విధముల దేహములలో అతిస్థూలము నొకటిగా చెప్పిరి. మాధవనిదానమున మేదోరోగమునకును, అమ్లపిత్తమునకును వేఱువేఱు అధ్యాయములు గలవు. ఐనను బొజ్జ భాగ్యలక్షణమను మాట మన పెండ్లిండ్లలో నేటికిని వినబడుచునే యున్నది.

ఎంత బరువు స్థూలకాయ మనబడును? బెల్జియము దేశపు గణితజ్ఞుడు అడాల్ఫ్ కెత్లే పందొమ్మిదవ శతాబ్దమున చూపిన లెక్కయే నేటికిని వాడుకలో నున్నది. కిలోగ్రాములలో బరువును, మీటర్లలో ఎత్తుయొక్క వర్గముతో భాగింపవలెను. ఆ బాలుని తండ్రిగారి యెత్తు 165 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. 1.65ను వర్గించిన సుమారు 2.72, 84ను దానితో భాగించిన ఇంచుమించు 31 వచ్చును. ఐరోపావారికి 25 దాటిన అధికభారమనియు, 30 దాటిన స్థూలకాయమనియు లెక్క. మన దేశపు వైద్యులు 23, 25 అను తక్కువ హద్దులను పెట్టిరి. ఏలయన మనవారికి అంతకంతే బరువున్నను క్రొవ్వు పొట్టలోనే హెచ్చుగా చేరును. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండుట మంచిదని చెప్పుదురు. గుండెమంట విషయమున త్రాసుకంటె ఈ కొలనాడయే ముఖ్యమని మా యభిప్రాయము.

బరువు తగ్గిన మంట నిజముగా తగ్గునా? ఇది ఊహించి చెప్పవలసినది కాదు; లెక్కలు గలవు. అమెరికాలో నర్సులను ఏండ్ల తరబడి ప్రశ్నించి వ్రాసికొను గొప్ప పరిశోధన యొకటి కలదు. అందలి 10,545 మంది స్త్రీల సమాధానములను పరిశీలించి 2006లో ప్రకటించిన ఫలితము లివి. పైన చెప్పిన కెత్లే లెక్క 3.5కు మించి పెరిగినవారిలో తఱచుగా గుండెమంట వచ్చుట, పెరుగనివారికంటె ఇంచుమించు మూడు రెట్లు. మొదట దేహము సరిగానే యున్నవారిలో సయితము బరువు పెరిగినకొలది మంట పెరిగెను. అంతే మేర తగ్గినవారిలో తఱచు మంట సుమారు నూటికి 40 పాళ్లు తగ్గెను. 3.5 అనగా నెంత? 165 సెంటీమీటర్ల మనుష్యునికి తొమ్మిదిన్నర కిలోలు. విద్యార్థులు తమ తమ యెత్తులకు ఈ లెక్క చేసి చూచుకొనవచ్చును.

నార్వే దేశమున ట్రొండెలాగ్ ప్రాంతపు ప్రజలను దశాబ్దమునకు పైగా ఎడమిచ్చి రెండుమారులు పరీక్షించిరి. సుమారు 29,600 మంది లెక్క 2013లో వెలువడెను. ఎంత యెక్కువ బరువు తగ్గిన అంత యెక్కువగా మంట మాయమగు నవకాశము కనబడెను. మఱియొక విశేషము: ఆమ్లమును తగ్గించు మందులు వాడుచు బరువు కూడ తగ్గినవారికి ఫలము హెచ్చుగా నుండెను. కనుక మందు వేఱు, బరువు వేఱు అని పోటీ పెట్టుట తగదు. రెండును ఒకే బండికి కట్టిన ఎడ్లు. ఆ యేటనే అమెరికాలో 332 మంది స్థూలకాయులను ఆహారనియమము, వ్యాయామము, అలవాట్ల మార్పు అను మూడింటిలో ఆరునెలలు నడిపించిన ఫలితము కూడ వెలువడినది. సగటున 13 కిలోలు తగ్గిరి. మొదట నూటికి 37 మందికి ఈ వ్యాధి యుండగా, చివరకు 15 మందికే మిగిలెను. వ్యాధిగలవారిలో నూటికి 65 మందికి పూర్తిగా పోయెను. కత్తియు మాత్రయు లేక ఇంత పని జరుగుట చూచి మేము ఆశ్చర్యపడితిమి.

ఆరునెలలలో 13 కిలోలు తగ్గించుట అందఱికిని సాధ్యము కాదు. మన భోజనములో అన్నము కంచము నిండ నుండి, కూర గోరంత యుండును. ఆ కొలతలను తలక్రిందులు చేసి, పప్పును కూరను మజ్జిగను నిలిపి, అన్నమును, వేపుడు నూనెను, పంచదార వేసిన టీని తగ్గించినచో చాలవఱకు పని యగునని వైద్యులు చెప్పుచున్నారు. మంటకు మాత్రము భోజనపు వేళ కూడ ముఖ్యము. రాత్రి భోజనమునకును పడకకును మూడుగంటలైన ఎడముండవలెను. క్రిస్మసు దినములలో మా యువకులు పాటలు పాడుచు ఇల్లిల్లు తిరుగుదురు. ప్రతి యింట అరిసెలు, కారప్పూస, టీ. నడిరేయి రెండుగంటలకు పడక. ఆ వారము మా బోర్డింగు మందులపెట్టెలో ఆమ్లహారి మాత్రలు మిగులవు. దీనికి యౌవనము, లావు అను భేదము లేదు. మఱియొక చమత్కారము కూడ చెప్పుదుము. పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో కడుపు జబ్బునుగూర్చి యొక సలహా కలదని కొందఱు పెద్దలు చిరునవ్వుతో మాకు జ్ఞాపకము చేయుదురు. తిమోతికి ఏ జబ్బో గ్రంథము చెప్పలేదు. మద్యము మాత్రము సంవరణీకండరమును వదులుచేయునని నేటి వైద్యుల మాట.

బరువు తగ్గులోపల ఈ రాత్రి నిద్ర పట్టవలెను గదా! మంచమునకు తలవైపు కోళ్ల క్రింద 15 నుండి 20 సెంటీమీటర్ల ఎత్తు ఇటుకలు పెట్టిన ఆమ్లము పైకి ఎక్కుట కష్టమగును. తలగడలు పేర్చిన లాభము లేదు; నడుము వంగి పొట్ట మఱింత నలుగును. ఎడమప్రక్కకు తిరిగి పరుండిన జీర్ణాశయము అన్నవాహికకు దిగువనుండును. కుడిప్రక్కకు పరుండిన మంట హెచ్చును. ఇవి ఖర్చులేని చికిత్సలు.

బరువు తగ్గించు మందులను గూర్చి కొంచెము చెప్పవలెను. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ అను సూదిమందులు 2025లో బరువు తగ్గించుటకై మన దేశపు అంగళ్లకు వచ్చినవి. ఇవి ఆకలిని తగ్గించును. జీర్ణాశయము ఖాళీయగు వేగమును కూడ తగ్గించును. ఈ రెండవ గుణము వలన కొందఱికి మొదటి వారములలో వికారము, త్రేన్పులు, పులినీళ్లు, మంట కనబడవచ్చును. నెలలు గడచి పొట్ట తగ్గినకొలది మేలు కలుగవచ్చును. ఒకే మందు ఒకవైపున తలుపును నెట్టుచు, మఱియొకవైపున బరువును దించుచున్నది. కనుక మంట యున్నవారు ఆ సంగతిని ముందుగనే వైద్యునితో చెప్పి, కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, కడుపారగ తినుట మానవలెను. చెలికాడు వాడుచున్నాడని తామును వాడుట ప్రమాదము.

ఇక మేనమామ కథకు వత్తము. స్థూలకాయమునకు చేయు శస్త్రచికిత్సలలో రెండు ముఖ్యమైనవి. వీని నడుమ గల భేదము తెలియకయే చాలమంది ఆసుపత్రికి పోవుచున్నారు. మొదటిది స్లీవు అనునది. చొక్కాచేయి అని దాని యర్థము. జీర్ణాశయము బెండకాయవలె గాక, ఒకప్రక్క ఉబ్బిన సొరబుఱ్ఱ వలె నుండును. ఆ ఉబ్బిన భాగమును, నూటికి 75 నుండి 80 పాళ్లు, నిలువుగా కోసి తీసివేసి, సన్నని గొట్టమును మిగుల్తురు. తిండి తగ్గును, ఆకలి తగ్గును, బరువు తగ్గును. నేడు ప్రపంచమున అన్నిటికంటె హెచ్చుగా జరుగుచున్నది ఈ చికిత్సయే. రెండవది బైపాసు. గుండెకు చేయు బైపాసు కాదు ఇది. పేరొకటియైనందున మా పల్లెలో ఒకరికి బంధువులందఱు గుండెజబ్బని యేడ్చిరి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయపు వైద్యుడు ఎడ్వర్డ్ మేసన్ 1966లో దీనికి మొదలుపెట్టెను. నేటి పద్ధతిలో జీర్ణాశయపు పైకొసను చిన్న కోడిగ్రుడ్డంత, సుమారు 30 మిల్లీలీటర్లు పట్టునంత, సంచిగా విడదీసి, చిన్న ప్రేగును తెచ్చి దానికి అతుకుదురు. పెద్ద జీర్ణాశయము లోపలనే యుండును, కాని అన్నము దానిలోనికి పోదు.

బరువు విషయమున రెండును మేలు చేయునవే. మంట విషయమున మాత్రము వీనిది వేఱువేఱు దారి. బైపాసు చేసిన చిన్న సంచిలో ఆమ్లమును ఊరించు కణములు మిక్కిలి తక్కువ. పైత్యరసము కూడ చాల దిగువన కలియును. కనుక ఎగదన్నుటకు ఏమియు మిగులదు. స్లీవులో అట్లు గాదు. అన్నము మ్రింగినప్పుడు వ్యాకోచించి చోటిచ్చు ఉబ్బు భాగమే పోయెను. మిగిలిన గొట్టము సాగదు. దానిలో ఒత్తిడి హెచ్చును. అన్నవాహిక జీర్ణాశయమును చేరుచోట సహజముగానుండు మూలకోణము చెదరును. సంవరణీకండరమునకు ఊతమిచ్చు పోగులు కొన్ని తెగవచ్చును. ఆమ్లము మాత్రము ఊరుచునే యుండును. పొట్ట తగ్గిన లాభము ఒకవైపు, గొట్టములోని ఒత్తిడి నష్టము వేఱొకవైపు. ఎవరిలో ఏది గెలుచునో వారికి అట్లు జరుగును.

ఇది నోటిమాట కాదు. స్విట్జర్లాండులో 217 మందిని చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టునకు స్లీవు, ఒక జట్టునకు బైపాసు చేసి, ఐదేండ్లు చూచిరి. ఆ ఫలితములు 2018లో వెలువడెను. మునుపే మంటగలవారిలో బైపాసు జట్టున నూటికి 60 మందికి మంట పోయెను, ఆరుగురికి హెచ్చెను. స్లీవు జట్టున నూటికి 25 మందికి పోయెను, సుమారు 32 మందికి హెచ్చెను. ఫిన్లాండులో 2008 మొదలు 2010 వఱకు 240 మందికి ఇట్లే చేసి, పదియేండ్ల తరువాత ఎండోస్కోపీతో అన్నవాహిక లోపల చూచిరి. స్లీవు చేసినవారిలో నూటికి 31 మందికి అన్నవాహికలో వాపు కనబడెను, బైపాసువారిలో ఏడుగురికి. దీర్ఘకాలము ఆమ్లము తగిలిన అన్నవాహికలో లోపలి పొర మారిపోయి, అరుదుగా పుట్టకురుపునకు దారితీయుట కలదు. దానిని బారెట్ అన్నవాహిక యందురు. ఈ పరీక్షలో ఆ మార్పు రెండు జట్లలోను సమానముగా నూటికి నలుగురిలోనే కనబడెను. కనుక స్లీవు చేయించుకొన్నవారు బెదరిపోవలసిన పని లేదు. బైపాసుకును తన కష్టములు తనకు గలవు. ఇనుము, కాల్షియము, బి12 విటమిను జీవితాంతము మాత్రలుగా తీసికొనవలసి యుండును, ఏటేట రక్తపరీక్ష చేయించుకొనవలెను.

ఆ మేనమామగారి యెత్తు 170 సెంటీమీటర్లు, బరువు 118 కిలోలు. లెక్క ప్రకారము సుమారు 41. శస్త్రచికిత్స యవసరమే, సందేహము లేదు. కాని చేయుటకు ముందు ఆయనకు గుండెమంట యున్నదా యని యెవరును అడుగలేదట, ఆయనయు చెప్పలేదు. "మధుమేహము, మోకాళ్లు అడిగిరి, మంటను గూర్చి చెప్పుట కది యొక రోగమా అనుకొంటిని" అని ఆయన మాతో అన్నారు. ఎండోస్కోపీ కూడ జరుగలేదు. జరిగియుండినచో హయేటస్ హెర్నియా ముందే బయటపడెడిదేమో. ఎవరి తప్పెంతయో విచారించుట మా పని కాదు. ఇట్టి చికిత్సకు పోవువారు, ఇంటివారు కాగితముమీద వ్రాసికొని పోయి మొట్టమొదట చెప్పవలసిన మాట ఇది: "మాకు గుండెమంట ఇన్నాళ్లుగా, వారమునకు ఇన్నిమారులు వచ్చుచున్నది, ఏ చికిత్స మాకు తగును?" వైద్యుడు అడుగునని యెదురుచూడరాదు.

ఇచట ఒక హెచ్చరిక చేయక తప్పదు. మంట యని తలచిన దంతయు మంట కాదు. ఱొమ్ము బరువెక్కి, చెమట పట్టి, నొప్పి ఎడమచేతికి, దవడకు ప్రాకినచో సోడా త్రాగుచు కూర్చుండరాదు. 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి పోవలెను. అన్నము మ్రింగుట కష్టమైనను, రక్తము కక్కినను, మలము నల్లబడినను, ప్రయత్నము చేయకయే బరువు తగ్గినను వైద్యునికి చూపవలెను. ఆ చివరిది చూచి లావు తగ్గినదని సంతోషించినవారిని మేమెఱుగుదుము. బక్కపలుచనివారికి కూడ ఈ వ్యాధి రావచ్చును, లావువారందఱికిని రాదు. ఏండ్ల తరబడి వాడుచున్న గొట్టముబిళ్లలను, బరువు తగ్గినది గదా యని తమంతట తాము మానివేయరాదు. మాన్పించుట కూడ వైద్యుని పనియే.

ఈ వ్యాసము వ్రాయుచుండగా ఆ బాలుని తండ్రిగారు తమ కుమారుని పరీక్షాఫలితము చూచుటకు వచ్చి మమ్ము కలిసికొన్నారు. మేనమామ కథను విని మానివేసిన ప్రయత్నమును ఆయన మరల మొదలుపెట్టినారు. కత్తి లేకుండ తగ్గిన బరువు తలుపును చెఱుపదని తెలిసికొన్నారు. పదినెలలలో 84 కిలోల నుండి 76కు దిగినారు. మంచము తలవైపున ఇటుకలు ఇంకను ఉన్నవట. రాత్రి మంట వారమునకొకమారు వచ్చుచున్నదట. వైద్యుడుగారు బిళ్లను సగము చేసినారట. గోంగూరపచ్చడి మాత్రము మానలేదని కుమారుడు ప్రక్కనుండి చెప్పెను. మేనమామగారికి మందులతో నిద్ర పట్టకపోవుటచే, క్రొత్తగా ఎండోస్కోపీ చేయించి, స్లీవును బైపాసుగా మార్చు శస్త్రచికిత్సకు నిర్ణయించినారు. వేసవిసెలవులలో జరుగునట. ఈమారు కాగితము బాలుడే తన చేతితో వ్రాసి యిచ్చినాడు.